తెగిన చార

మధ్యాహ్నం. మ్యూజియంలో కప్పల గది. బల్ల మీద గాజు సీసా, అందులో ఒక చెట్టుకప్ప. ఆ గదిలో పనిచేసే అక్క, కుంట పూడ్చేచోట టిప్పర్ తోలే తమ్ముడు. కప్పని అక్కణ్ణుంచి తెచ్చింది అతనే.

“ఇంకా ఎంతసేపక్కా? మామూలు కప్పే అని రాసిచ్చెయ్. కాగితం కోసం మా సూపర్‌వైజర్ గేటు దగ్గర కాచుక్కూర్చున్నాడు.”

“కూర్చోనీ. అది కాలు చాపితేగాని చెప్పలేను. పగలు ముడుచుకుని పడుకుంటుంది. గుర్తేమో తొడ లోపల.”

“పుల్లతో పొడవనా?”

“నిన్ను పొడుస్తా. చెయ్యి తియ్యి.”

“సరే, సరే. నీలం చారలుంటే?”

“ఈ చుట్టుపక్కల మిగల్లేదనుకున్న జాతి. పూడిక ఆగిపోతుంది.”

“దాంతో నా బండీ ఆగుతుంది. చెప్పులరిగేలా తిరిగి సంపాదించిన పని. పిల్లదాన్ని మొన్ననేగా బడిలో వేశాం.”

“నాకు తెలీదా? అసలు నిన్న ఈ కప్ప ఫోటో పంపిందెవరు?”

“నేనే. ముద్దుగా ఉందని పంపా. కొరివితో తల గోక్కున్నా. నువ్వేమో మీ ఆఫీసులో చెప్పేశావ్, పొద్దుట్నుంచీ పని ఆపేశారు.”

“కాస్త నీళ్ళు చల్లుతా, కదులుతుందేమో... అటూ ఇటూ తిరక్కురా, అదిరితే ఇంకా ముడుచుకుంటుంది.”

“తిరగట్లేదు.”

“కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావ్. ఆ సంచీ కింద పెట్టు. చంటిపిల్లని మోసినట్టు ఏంటలా?”

“క్యారియరే. అన్నం. ఉండనీ.”

“అదిగో! చాపింది! చాపిందిరా!”

“ఏం రంగు?”

“పసుపు. ఒక్క నీలం చారా లేదు. మామూలుదే.”

“హమ్మయ్య! రాయి మరి. రాయక్కా.”

“ఉండు.”

“మళ్ళీ ఏంటి?”

“నిన్నటి ఫోటో ఓసారి తియ్యి.”

“తుడిచేశా.”

“నా ఫోన్లో ఉందిలే. ఇదిగో. కంటి వెనక నుంచి నడుం దాకా తెల్ల చార. మధ్యలో తెగింది, చూడు. దీనికి తెగలేదు.”

“ఎండకి రంగు మారుంటుంది.”

“రంగు మారుతుంది. తెగిన చార అతుక్కోదు. ఇది ఆ కప్ప కాదు.”

“కప్పలన్నీ ఒకటే...”

“ఒరేయ్. నా మొహం చూసి చెప్పు. దాన్నేం చేశావ్?”

“ఏం చెయ్యలేదు.”

“చంపావా?”

“చంపుదామనే పట్టుకున్నా. చేతిలో కాలు చాపింది. నీలం చారలు. అంత నీలం నేనెక్కడా చూళ్ళేదక్కా. చెయ్యాడలేదు.”

“ఎక్కడుంది?”

“అన్నం చల్లారిపోతుంది, నే పోతానక్కా.”

“ఆ క్యారియర్ ఇలా తే.”

“మెల్లిగా! మూతకి చిల్లులు పెట్టా, లోపల తడిగుడ్డ వేశా. దూరంగా ఎక్కడైనా వదిలేద్దామనుకున్నా, ఎవరికీ తెలీకుండా. ఒక్క కప్పేగా, ఎక్కడైనా బతుకుతుందిలే అని. కానీ ఇందాక మూత తీసేసరికి...”

“తీసేసరికి?”

“డబ్బా నిండా గుడ్లక్కా.”