తవిటయ్య పాటల ఫోల్డరు

కంచరపాలెంలో అనూరాధ నడిపే కంప్యూటర్ రిపేరు షాపు. ఎదురుగా, రొమ్ముకి తప్పెట కట్టుకుని పాడుతూ ఆడే తప్పెటగుళ్ళ జట్టు పెద్ద తవిటయ్య. అతను ఆటోలో తెచ్చిన కంప్యూటర్ డబ్బా బల్ల మీద.

“మళ్ళీ అదే వచ్చింది తాతా. ఈ ఫోల్డరు తెరవడానికి మీకు పర్మిషన్ లేదంటంది.”

“నా ఇంట్లో డబ్బా, నా పాటలు. నాకు లేకపోడవేటమ్మా పర్మిషను? ఎవుల్ని అడగాలి నాను?”

“కంగారు పడకండి. విండోస్ గానీ కొత్తగా వేయించారా ఈ మధ్య?”

“ఏటీ ఎయ్యలేదు. ఆదోరం నుంచి ఇలాగే సేత్తంది. బేగి తియ్యి తల్లీ, సాయంత్రం పుస్తకం అచ్చేసేవోళ్ళు వత్తన్నారు. పాటలన్నీ అందులోనే ఉన్నాయి.”

“ఎన్ని?”

“నలబై మూడు. గొంతు ఆపరేసనుకి ముందు పాడినవి. ఇప్పుడు పాడదావంటే సూడు, మాటే గీరుకొని వత్తంది. అవి పోతే నాను పోయినట్టే.”

“పోవులెండి. ఇదిగో, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్తన్నా. విండోస్ మార్చినోళ్ళకైతే ఇక్కడ ఓనరు పేరుండాల్సిన చోట పొడుగాటి నంబరు వస్తది. మనకి... ఆగండి.”

“ఏటి?”

“నంబరు కాదు, పేరే ఉంది. వెంకటేష్ ఎవరు తాతా?”

“మా అప్ప కొడుకు, నా మేనల్లుడు. ఆడే ఈ డబ్బా కొనిపించేడు, మైకెట్టి నా సేత పాడించేడు, మాటలన్నీ టైపు కొట్టేడు. ఆడి పేరుంటే తప్పేటి?”

“తప్పు లేదు. కింద ఇంకోటుంది.”

“సెప్పు.”

“మీ పేరెదురుగా ‘డినై’ అని టిక్కుంది. మిమ్మల్ని లోపలికి రానివ్వొద్దని.”

“అదే పడిపోయుంటాది.”

“అదంతట అది పడదు తాతా. ఎవరో కూర్చుని, మీ పేరు వెతికి, టిక్కు పెట్టాలి. పెట్టాక కంప్యూటరు మళ్ళీ అడుగుద్ది, నిజంగానే చెయ్యమంటారా అని. అప్పుడు కూడా అవునన్నారు.”

“రెండోసారి కూడానా?”

“రెండోసారి కూడా.”

“ఎంకటేసు అలాటోడు కాదు. ఆడికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోతే నా కంచంలో ముద్దెట్టి పెంచేను. ఆడి గుండెకి తప్పెట కట్టింది నాను, కాళ్ళకి గజ్జెలు కట్టింది నాను. ఆడు నన్ను... ఛ. మళ్ళీ సూడు.”

“చూశాను తాతా. ఆ ముందురోజు, శనివారం, ఏమన్నా గొడవైందా?”

“గొడవేటి, ఏట్లేదు. పుస్తకం అట్ట సూపించేను. ‘పాటలు కట్టినవారు తవిటయ్య’ అనుంది. ‘మావా, ఇంకో పేరెయ్యవా’ అన్నాడు. ఎయ్యనన్నాను. టీ తాక్కుండా ఎల్లిపోనాడు.”

“ఆయన పేరు వెయ్యమనా?”

“మరేటి? టైపు కొట్టినోడు పాటలు కట్టినోడైపోతాడా? నా ఇంట్లో తిని నాకే తాళం ఏసేడమ్మా.”

“ఊరుకోండి. అడ్మిన్ అకౌంటు మీదే కదా, ఓనర్ని మార్చొచ్చు. ఇదిగో మీ పేరు పెట్టా. లోపలి ఫైళ్ళన్నిటికీ అదే. డినై తీసేశా... తెరుచుకుంది!”

“బతికించేవు తల్లీ! నలబై మూడూ ఉన్నాయా?”

“నలభై నాలుగు.”

“నలబై మూడే.”

“చివర్న ‘పాత క్యాసెట్’ అని ఒకటుంది. ఆదివారం పెట్టింది. వేస్తా, వినండి.”

“అక్కర్లేదు. అది ఏదో—”

“ఆడగొంతు తాతా! జాతరలో మీరు పాడే పాటే ఇది. ఎవరీవిడ?”

“మా అప్ప. అసిరమ్మ.”

“వెంకటేష్ వాళ్ళమ్మా? మీ పాట నేర్చుకుందా?”

“ఆపీ.”

“ఉండండి, మధ్యలో మాట్లాడతంది. ‘ఒరే తవిటీ, ఈ సరణం కూడా ఊడుపుల్లోనే కట్టేను. ఆడోళ్ళు తప్పెట కట్టి ఆడకూడదంటారు గాబట్టి నువ్వు పాడు. కట్టింది మీ అప్పని మాత్రం సెప్పు.’ తాతా... పాటలన్నీ ఈవిడవేనా?”

“ఆపమన్నానా!”

“ఆపేశాను.”

“సెప్దావనే అనుకున్నానమ్మా. పెతీ జాతరలో సెప్దావనుకున్నాను. జనం ‘తవిటయ్య పాట, తవిటయ్య పాట’ అని ఈలలేసేవోళ్ళు. నోరు రాలేదు. నలబై ఏళ్ళయిపోనాది.”

“ఇవాళ చెప్పండి. సాయంత్రం వాళ్ళొస్తారుగా, అట్ట ఇంకా అచ్చవలేదుగా.”

“ఇప్పుడా? ఇప్పుడు సెప్తే నానెవుణ్ణి?”

“మరి దీన్నేం చేద్దాం? తీసెయ్యమంటారా?”

“సెరపొద్దు! అది మా అప్ప గొంతు. అరిగిపోయిన క్యాసెట్టు, ఇంకెక్కడా లేదు.”

“మరి?”

“ఎంకటేసుకి తెరుచుకోకుండా సెయ్యి.”