అప్పాజీ బిగించిన టీవీ

శుక్రవారం సెలవు, మధ్యాహ్నం బహ్రెయిన్‌లోని మా సిత్రా లేబర్ క్యాంపులో మాకు చేసే పనేమీ ఉండదు. పొద్దున్నే బట్టలు ఉతుక్కుంటాం, ఇళ్ళకి ఫోన్లు చేసుకుంటాం, తిన్నాక ఉబైద్ భాయ్ టీ కొట్టు రేకుల కింద కూలబడతాం. రెండు వేల ఏడు జూలై అది. ఆ వారమంతా రిఫైనరీలో ఓవర్‌టైం చేసి చేసి డస్సిపోయి ఉన్నాం, ఒక్కడికీ నోరు తెరిచే ఓపిక లేదు. అందుకే అప్పాజీ వచ్చి బల్ల మీద కూర్చుంటే ఎవరూ విసుక్కోలేదు. అలిసిపోయినవాళ్ళకి తమ బదులు మాట్లాడే మనిషి ఒకడుంటే అదో సుఖం.

అప్పాజీది మా అమలాపురం వైపే. మనామాలో ఒక టీవీల షాపులో డెలివరీ పని. కోతలు కోయడంలో బహ్రెయిన్ మొత్తానికి అతన్ని మించినవాడు లేడు. కానీ ఆ రోజు మేము ఎదురుచూసింది కోతల కోసం కాదు, ఒక కబురు కోసం. మా గదిలో ఉండే పేరయ్య భార్య వీరమ్మ అరాద్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. సిత్రా నుంచి అరాద్ అరగంట దారి. అయినా మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకుని ఏడు నెలలైంది. ఆ ఇంటి మేడం శుక్రవారం కూడా బయటికి పంపదు. క్యాంపు మగాడు గేటు దగ్గర కనిపించాడంటే వీరమ్మ పనికే ఎసరు.

ఆ ఇంటికే పెద్ద టీవీ పెట్టడానికి వెళ్తున్నానని అప్పాజీ మొన్న చెప్పేసరికి పేరయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక్క శుక్రవారం, ఒక్క పూట వీరమ్మని పంపమని ఆ ఇంటి పెద్దాయన్ని అడగమన్నాడు. ఆయన్ని అందరూ బాబా అంటారు. "అదెంత పని బావా, బాబా నా మాట కాదంటాడా?" అని గుండె మీద చెయ్యేసుకుని వెళ్ళాడు అప్పాజీ.

"అడిగావా?" అన్నాడు పేరయ్య, అతను కూర్చోగానే.

"వస్తన్నా బావా, అక్కడికే వస్తన్నా. ముందు టీవీ ఎలా ఎంచానో వినాలి కదా? బాబా కొడుకు కాలేజీ చదువుతన్నాడు, చదువు పేరే గానీ పొద్దస్తమానం టీవీలో ఆటలే. కార్ల పందేలు, ఫుట్‌బాలు, తుపాకులు. ఆడి కోసం వెడల్పాటి టీవీ కావాలని బాబా మా షాపుకొచ్చాడు. ఆయ్, సేల్స్‌మేన్లు నలుగురూ మూగిపోయి, ప్లాస్మా తీసుకోండి సార్, నలుపు కాటుకలా ఉంటాదని ఒకడూ, కాదు ఎల్‌సీడీ తీసుకోండని ఇంకోడూ, పాపం బాబాకి తల తిరిగిపోయింది. నేను మూలన అట్టపెట్టెలు మడతపెట్టుకుంటన్నాను. ఉండబట్టలేక, సార్, సినిమాలకైతే ప్లాస్మా భేషుగ్గా ఉంటాది గానీ మీవోడు ఆటలాడతాడు, ఆటలో స్కోరు ఎప్పుడూ ఒకే మూల కూర్చుంటాది, రోజూ అలా కూర్చుంటే ఆ అంకెలు తెర మీద అచ్చుపడిపోతాయి, రేపు వార్తలు చదివే అమ్మాయి నుదుటి మీద మూడు, ఒకటి అని కనపడతాది అన్నాను. షాపంతా గప్‌చుప్."

"అది నిజమేనా బాబాయ్?" అన్నాడు వెల్డర్ గంగరాజు. మా అందరిలో చిన్నవాడు, ఏదీ ఊరికే మింగడు.

"నిజం కాక? అంతటితో అయిపోయిందా? ఆటకి ఇంకోటి ఉంది. మీట నొక్కిన క్షణానికే బొమ్మ కదలాలి. కొన్ని టీవీలకి సోకెక్కువ, బొమ్మకి మెరుగులు దిద్దుకుంటా కూర్చుంటాయి. ఇక్కడ నువ్వు తన్నితే అక్కడ బంతి టీ తాగొచ్చి కదులుతాది. అందుకని షాపులో ఉన్న టీవీలన్నింటికీ ఆట డబ్బా తగిలించి, ఒక్కోదాన్నీ నొక్కి చూశాను. కొన్ని ఆలస్యం, కొన్ని పర్లేదు. ఒక్క టీవీ మాత్రం, చెప్తే నమ్మరు, నేను మీట నొక్కకముందే గోలు కొట్టేసింది."

"నొక్కకముందా?"

"ముందేరా. ఇది కట్టండి అన్నాను. యాభై రెండంగుళాలు."

రేకుల కింద ఒకరిద్దరు నవ్వారు. పేరయ్య నవ్వలేదు. అతని చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద టీవీని పడుకోబెట్టి తీసుకెళ్ళకూడదు, నిలబెట్టే తీసుకెళ్ళాలి. వ్యానెక్కిస్తే కప్పుకి తగిలింది. డెబ్భై అంగుళాల టీవీ అంటే మాటలేంటి?"

"ఇందాక యాభై రెండన్నావు."

"ముహర్రఖ్ వంతెన మీద ఎండకి సాగిందిరా! జూలై ఎండ నీకు తెలీదేంటి? సగం దారిలో వ్యాను మొరాయించింది. డ్రైవరు ఏడుపు మొహం పెట్టాడు. యల్లా, తప్పుకోమని, టీవీని తాళ్ళతో నా వీపుకి కట్టుకుని నడక మొదలెట్టాను. సముద్రం గాలి ఒక్క విసురు విసిరితే నేనూ టీవీ కలిసి పైకి లేచిపోయాం. రెండుసార్లు లేచాం. మూడోసారి లేచి దిగేసరికి అరాద్‌లో బాబా గుమ్మం ముందున్నాను. గంట నడవాల్సిన దారి."

"తలుపెవరు తీశారు?" అన్నాడు పేరయ్య.

అప్పాజీ ఒక్క క్షణం తడబడ్డాడు. "ఎవరో తీశారులే బావా. టీవీ వెనకాల ఉన్నాను, నాకేం కనపడతాది? లోపలికెళ్ళి చూద్దును కదా, గోడలో చెక్క గూడు చేసి పెట్టాడు వడ్రంగి. టీవీ అంగుళాలంటే ఈ మూల నించి ఆ మూలకి ఐమూలగా కొలుస్తారని ఆ మహానుభావుడికి తెలీదు. అడ్డంగా టేపు పెట్టి అన్నంగుళాలూ కోసేశాడు. టీవీ పెడితే అటూ ఇటూ చెయ్యి పట్టేంత సందు. మేడం మొహం మాడ్చింది. కుర్రోడు సోఫాలో పడి దుప్పటి కప్పుకున్నాడు. వడ్రంగి నా కాళ్ళ మీద పడ్డాడు, నా వీసా పోద్దన్నా అని. సరేలే లెగమని, నేను గోడకి భుజం ఆనించి ఒక్క తోపు తోశాను. గోడ కదిలి టీవీకి అతుక్కుంది. పక్కింటోళ్ళకి ఆ సందంత జాగా కలిసొచ్చింది, ఆళ్ళు ఖర్జూరాలు పంపించారు."

"మాకేవీ ఖర్జూరాలు?" అన్నాడు గంగరాజు.

"దారిలో తినేశాను."

ఉబైద్ భాయ్ పొయ్యి దగ్గర నించి తల తిప్పి, "అప్పాజీ భాయ్, ఇగ నువ్వు షాపుల ఎందుకున్నవ్? రిఫైనరీల క్రేన్ తీసేసి నిన్ను పెట్టుకుంటరు" అన్నాడు. అతనిది కరీంనగర్, పదేళ్ళ నించి మాకు టీ పోస్తున్నాడు.

"అడిగారు భాయ్, నేనే వద్దన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వైర్లు కలిపాను, గేమ్ మోడులో పెట్టాను, సోఫా ఎంత దూరంలో ఉండాలో అడుగులేసి కొలిచాను. స్విచ్ నొక్కాను. అబ్బో! నూరంగుళాల తెర మీద పచ్చగా ఫుట్‌బాలు మైదానం. ఆ ఎలుగుకి వీధిలో లైట్లు సిగ్గుపడి ఆరిపోయాయి. అరాద్ పక్కనే విమానాలు దిగుతాయి కదా, పైనించి పైలట్టు చూశాడు. ఇంత పచ్చటి చోటు ఈ దేశంలో ఎక్కడుంది, దిగితే ఇక్కడే దిగాలని ముక్కు తిప్పి నేరుగా హాల్లోకి వచ్చేస్తన్నాడు! కిటికీలోంచి చక్రాలు కనపడతన్నాయి. మేడం కేక, కుర్రోడు కేక. నా చేతిలో ఆట మీటలున్నాయి. ఏం చెయ్యాలి? పాజ్ నొక్కాను."

"నొక్కితే?"

"ఆగింది. విమానం కిటికీ బయట గాల్లో అలా ఆగిపోయింది."

"గాల్ల జహాజ్ ఆగుతదా భాయ్?" అన్నాడు ఉబైద్ భాయ్.

"ఆగిందంటంటే! లోపల జనం బెల్టులతో అలాగే ఉన్నారు, ఒకామె నాకు చెయ్యూపింది కూడా. మెల్లిగా బాణం గుర్తు మీట నొక్కుకుంటా, నొక్కుకుంటా వెనక్కి నడిపి రన్‌వే మీద పెట్టి, అప్పుడు పాజ్ తీశాను. ఒక్కడికి దెబ్బ తగిలితే ఒట్టు."

ఈసారి అందరం నవ్వాం. నవ్వితే నడుములు నొప్పెట్టేంత అలిసి ఉన్నాం, అయినా నవ్వాం. పేరయ్య మాత్రం, "వీరమ్మ అక్కడే ఉందా అప్పటికి?" అన్నాడు.

"వస్తన్నా బావా, కంగారుపడకు. ఇప్పుడు కార్ల పందెం. కుర్రోడు, అంకుల్ మీరూ ఒక ఆట ఆడండి అన్నాడు. ఎందుకులే బాబూ అంటన్నా వినడే. కూర్చున్నాను. మీట నొక్కానో లేదో టీవీలోంచి గాలి! కర్టెన్లు ఊడిపోయాయి, షాండిలియరు గిరగిరా తిరిగింది. ఇంకా తొక్కాను. బహ్రెయిన్ రోడ్డయిపోయింది, సౌదీ వంతెనెక్కేశాను, చెక్‌పోస్టులో పోలీసు చెయ్యి అడ్డంపెట్టి పాస్‌పోర్టు అన్నాడు."

"నీ పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంటది కదా బాబాయ్."

"అదే చెప్పాను. పాస్‌పోర్టు లేని మనిషి ఇంత ధైర్యంగా వచ్చాడంటే గొప్పోడై ఉంటాడని సలాం కొట్టి పంపించాడు. రియాద్ దాకా పోయి వెనక్కొచ్చేసరికి బాబా నించుని ఉన్నాడు. ఆయన కళ్ళంట నీళ్ళు. నన్ను వాటేసుకున్నాడు. అప్పాజీ, నా ఇంటిని కాపాడావు, విమానాన్ని కాపాడావు, ఏం కావాలో అడుగు అన్నాడు. బంగారమా, బండా, ఏదైనా అడగమన్నాడు."

అందరం ముందుకి వంగాం. నవ్వులన్నీ ఆగిపోయాయి. అప్పాజీ గ్లాసులోకి చూస్తూ చెప్పాడు.

"నాకేమీ వద్దు బాబా, మా బావ ఉన్నాడు, మా చెల్లెమ్మ మీ ఇంట్లో ఉంది, ఒక్క శుక్రవారం పంపించండి అన్నాను. ఆయన, ఒక్కటేంటి, ప్రతి శుక్రవారం పంపిస్తాను, నా సొంత కారులో ఏసీ వేసి పంపిస్తాను, డ్రైవరు తలుపు తీసి పట్టుకుంటాడు అన్నాడు. ఈ వారం చుట్టాలున్నారంట. వచ్చే వారం నించీ, ఇంక ఖలాస్, నీ కష్టం తీరిపోయింది బావా."

ఆ మాట నిజమైతే బావుండునని నాకు ఎంత గట్టిగా అనిపించిందో చెప్పలేను. పేరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"వీరమ్మ పొద్దున ఫోన్ చేసింది అప్పాజీ" అన్నాడు.

అప్పాజీ తలెత్తలేదు.

"టీవీ బిగించింది ఇద్దరు ఫిలిప్పీనోళ్ళంట. నువ్వు నిచ్చెన పట్టుకున్నావంట. అయిపోయాక బాబా మంచిగానే వచ్చి, ఇంకేమన్నా కావాలా అని నిన్నే అడిగాడంట. నువ్వు రెండు చేతులూ కట్టుకుని, ఏమీ లేదు సార్, అంతా ఓకే సార్ అన్నావంట. ఆవిడ వంటింటి గుమ్మంలో నించుని చూస్తానే ఉందంట, ఇప్పుడు అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడని."

అప్పాజీ మొహం నల్లబడిపోయింది. "నోరు రాలేదు బావా" అన్నాడు. "ఒట్టు, గుమ్మం దాకా అనుకుంటానే వెళ్ళాను. ఆ మనిషి ఎదురుగా నించునేసరికి నా నోట్లోంచి సార్ అన్న మాట తప్ప ఇంకోటి రాలేదు. సిగ్గేసింది. అందుకే ఇదంతా..."

"పోనీలే. నేనైనా అదే అందును" అన్నాడు పేరయ్య. అతని గొంతులో కోపం లేదు, కోపం ఉంటేనే బావుండేది.

"మరి అన్నీ తెలిసి ఇంతసేపూ ఎందుకు విన్నావు మావా?" అని గంగరాజు ఉండబట్టలేక అడిగాడు.

"ఎక్కడో ఒకచోట ఆవిడ మాట వస్తాదని విన్నాను. విమానం వచ్చింది, పోలీసు వచ్చాడు, పక్కింటోళ్ళొచ్చారు. ఆవిడ రాలేదు." పేరయ్య బల్ల మీద ముందుకి జరిగి అప్పాజీ మోకాలి మీద చెయ్యేశాడు. "ఫోన్లో ఎప్పుడడిగినా బానే ఉన్నానంటాది. ఏడు నెలల్లో మనోళ్ళలో ఆవిడని కళ్ళతో చూసినోడివి నువ్వొక్కడివే. కోతలొద్దు బావా. ఎలా ఉంది?"

అప్పాజీ గ్లాసు పక్కన పెట్టాడు. "తలుపు తీసింది చెల్లెమ్మే. అన్నయ్యా, బావున్నావా అంది. నీళ్ళిచ్చింది. ఆయన అన్నం సరిగ్గా తింటన్నాడా అని అడిగింది. మేడం పిలిస్తే వెళ్ళిపోయింది."

"మనిషి ఎలా ఉంది?"

"చిక్కింది."

"బాగా చిక్కిందా?"

అప్పాజీ మా అందరి వైపూ చూశాడు, పేరయ్య వైపు చూశాడు. "కొద్దిగా బావా" అన్నాడు. "కొద్దిగానే."

ఇన్నేళ్ళలో ఆ మనిషి దేన్నైనా తగ్గించి చెప్పగా మేమెవ్వరం వినలేదు. పేరయ్య కూడా వినలేదు. అతను మెల్లిగా లేచి, ఎండలోకి చూస్తూ, అలాగే నించుండిపోయాడు.