కనబడని కుట్టు

నా పేరు దూస ఎల్లవ్వ. భర్త సోమలింగం. వయసు నలభై ఆరు. మాది సిరిసిల్ల. ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో, డిండోలిలో అద్దెకుంటున్నాం. ఇంట్లో చీరల పని చేస్తాను. వేలాడే దారాలు కత్తిరిస్తాను, ఫాల్ కుడతాను. ఈరోజు 2025 ఫిబ్రవరి 12, బుధవారం, ఉదయం పదకొండున్నరకు మేజిస్ట్రేటు మేడం గారి ముందు చెబుతున్నాను. చెప్పకపోయినా ఫర్వాలేదని, చెబితే నా మీదికే వస్తుందని మేడం రెండుసార్లు అన్నారు. రానీ అనుకునే వచ్చాను.

హారతి నా కూతురు. పంతొమ్మిదేళ్లు, కాలేజీ చదువు. నాలుగు నెలలుగా ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి ఒక ఈతకొలనులో కయాక్ అనే సన్నటి పడవ నడపడం నేర్చుకుంటోంది. పడవతో సహా తలకిందులై, తెడ్డు తిప్పి, నడుము విదిల్చి మళ్లీ పైకి లేవాలి. దాన్ని రోల్ అంటారు. ఇంట్లో చాప మీద పడుకుని, చీపురు పట్టుకుని చేసి చూపించేది. ఇదేం చదువే అని తిట్టేదాన్ని. జనవరి చివర్లో మొదటిసారి తనంతట తాను లేచిందట. ఆ రోజు జిలేబీ తెచ్చింది.

పడవలో కూర్చున్నప్పుడు నడుముకు ఒక రబ్బరు గుడ్డ వేసుకుంటారు. దాని అంచు పడవ నోటికి బిగుసుకుంటుంది, నీళ్లు లోపలికి రావు. ముందు వైపు ఒక ఎర్ర పట్టీ వదులుగా వేలాడుతుంది. లేవలేకపోతే ఆ పట్టీ గుంజాలి. గుడ్డ ఊడుతుంది, మనిషి బయటికి వస్తుంది. ఇది నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియదు. నేను అడగలేదు.

ఫిబ్రవరి 8, శనివారం, మధ్యాహ్నం మూడింటికి ఆ గుడ్డ మా బాల్కనీలో ఆరేసి ఉంది. పట్టీ గాలికి ఊగుతోంది. వేలాడేది చూస్తే నా చేయి ఊరుకోదు. పైగా నా భర్త ఉధ్నా కార్ఖానాలో చొక్కా అంచు మగ్గంలో ఇరుక్కుని రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. ఇది కూడా ఎక్కడో తగులుకుంటుందని భయపడ్డాను. కత్తిరిస్తే పిల్ల అరుస్తుంది. అందుకని లావు సూదితో, ఎర్ర దారంతో పట్టీని గుడ్డకు అదిమి కుట్టేశాను. పద్నాలుగు కుట్లు. హారతికి చెప్పలేదు. చెప్పేంత పనని అనుకోలేదు.

మర్నాడు ఆదివారం నేను మొదటిసారి చూడటానికి వెళ్లాను. కోచ్ రవీంద్ర పట్టీ బయటే ఉందా అని అడిగి, వంగి చూశాడు. ఎర్రగా పైనే ఉంది. అతనికి కుట్టు కనబడలేదు. నా కుట్టు ఎవరికీ కనబడదు మేడం. అందుకే నాకు పని ఇస్తారు.

ఏడూ నలభైకి హారతి తిరగబడింది, లేచింది. నావైపు చూసి నవ్వింది. మళ్లీ తిరగబడింది. ఈసారి లేవలేదు. కోచ్ అవతలి కొసన ఇంకొకరిని పట్టుకుని ఉన్నాడు. పడవ అడుగున చేత్తో కొట్టిన చప్పుడు వినబడింది. నేను ఊపిరి బిగబట్టాను. నాది ఆగలేదు, వదిలి మళ్లీ తీసుకున్నాను. నా పిల్ల ఇంకా లోపలే ఉంది. మళ్లీ తీసుకున్నాను. ఇంకా లోపలే ఉంది. రవీంద్ర ఈదుకుంటూ వచ్చి పట్టీ గుంజాడు, రాలేదు. పడవనే తిప్పాడు. అప్పటికి పిల్ల తల వాలిపోయింది.

ఆసుపత్రిలో తడిబట్టల సంచి నా చేతికిచ్చారు. పదకొండు గంటలప్పుడు బాత్‌రూమ్‌లోకి వెళ్లి ఆ పద్నాలుగు కుట్లూ విప్పేశాను. కత్తెర ఎక్కడిదని అడుగుతున్నారు. కత్తెర నా కొంగున ఎప్పుడూ ఉంటుంది మేడం, తెల్లారి లేస్తే అదే నా పని. పన్నెండున్నరకు పోలీసులు వచ్చి గుడ్డ తీసుకెళ్లారు. వాళ్లు గుంజితే పట్టీ చక్కగా వచ్చింది. పట్టీ రాలేదని రవీంద్ర మొత్తుకుంటే అబద్ధమన్నారు. అతన్ని పట్టుకెళ్లారు. నేను పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చాక భర్తకు చెబితే, ఇంకెవ్వరికీ చెప్పకని చేతులు పట్టుకున్నాడు.

హారతి నిన్న కళ్లు తెరిచింది. ఈరోజు ఉదయం ఏడింటికి ఆసుపత్రి మంచం మీద మొదటిసారి మాట్లాడింది. "అమ్మా, నేను పట్టీ గుంజలేదా ఏంది? గుంజిన అనుకున్న. భయానికి మర్శిన కావచ్చు. నా తప్పుకు సార్‌ను పట్టుకపోయిన్రట. ఇగ నేను నీళ్లల్లకు పోను" అంది.

దాని కుడిచేతి మూడు గోళ్లు సగానికి విరిగి ఉన్నాయి. గుంజకపోతే గోళ్లెందుకు విరుగుతాయి? "నువ్వు గుంజినవు బిడ్డా, నేనే రానియ్యలేదు" అన్నాను. అది నా ముఖం చూసి, గోడవైపు తిరిగింది. అక్కడి నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చాను.

విప్పిన దారం ఇదిగో, ఈ పొట్లంలో ఉంది. రబ్బరులో సూది గుచ్చిన చోట్లు పూడవు. ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి.

నేను తెలుగులో చెప్పింది పొరుగింటి సుమన గుజరాతీలో చెప్పి రాయించింది. రాసింది మళ్లీ నాకు తెలుగులో వినిపించింది. అన్నీ నా మాటలే, అన్నీ నిజమే, ఎవరూ బెదిరించి చెప్పించలేదు. హారతి పట్టీ గుంజింది. ఆ మాట చివర్న మళ్లీ రాయమన్నాను. రాశారు.

దూస ఎల్లవ్వ, బొటనవేలి ముద్ర