నానబెట్టిన గోడ

"తాతా, ఫోన్‌ల రికార్డ్ పెట్టిన. బహదూర్‌పల్లిల నువ్వు కట్టిన గోడ నువ్వే ఎందుకు కూలగొట్టినవో చెప్పు."

ఎందుకేందే? పగిలింది, కూలగొట్టిన. మళ్ల పగిలితే మళ్ల కూలగొడ్త. సివిల్ చదువుతున్న పిల్లవు, మీ సారుకు గూడ ఇనిపియ్యి. దాచుడేంది?

తాపీ వట్టి యాభై ఏండ్లాయె. మా బాపు నాకు మొదలు నేర్పింది గోడ కట్టుడు గాదు, ఇటుక నానబెట్టుడు. ఎర్ర ఇటుకను డ్రమ్ముల ముంచితే బుడబుడ బుడగలొస్తయ్. అవి ఆగినంకనే తియ్యాలె. ఎండిటుక పెడితే సిమెంటు మాల్‌ల నీళ్లన్నీ అదే తాగుతది, గోడ గట్టివడది. ఒకసారి జల్దీ తీసిన్నని బాపు నెత్తి మీద ఒక్కటి... కాదు కాదు, బాపు గాదు, శామీర్‌పేట మేనమామ. గట్టి మనిషి. బతికినన్నాళ్లు కల్లు ముట్టలే. నేను గూడ ముట్టలే, నీకు తెలుసు గదా. ఆ, ఏడున్న?

బ్లాకులు. ఇప్పుడు ఎర్ర ఇటుక ఎవలు తెస్తుండ్రు? పొలంల మంచి మట్టి తవ్వి కాల్చుడెందుకని, కరెంటు ఫ్యాక్టరీల మిగిలిన బూడిదతోటి తెల్ల బ్లాకులు జేస్తుండ్రు. మంచిదే, కాదన. గని నేనేం జేసిన? వాటిని గూడ డ్రమ్ముల ముంచిన!

ఒడిశా నుంచి సబిత అని ఒకామె పనికొచ్చింది. మనోళ్లు ఇప్పుడు తట్ట వడ్తరా? అంతా ఆ దిక్కు నుంచే వస్తుండ్రు. గామె అన్నది, "పానీ మే మత్ డాలో మేస్త్రీ, నీళ్లల్ల ముంచకు. పైన జర్ర తడిపితే సాలు" అని. నేను ఒర్రిన. "నువ్వు పుట్టకముందు సంది కడుతున్న, నాకు చెప్తవా?" అందరు నవ్విండ్రు. ఆమె తట్ట ఎత్తుకొని పోయింది.

నెల తిరగలే. నాలుగో అంతస్తుల రెండు రూముల నడుమ గోడ, మెట్లు మెట్లుగ పగిలింది. నీళ్లు తాగిన బ్లాకు ఎండినంక గుంజుకపోతదట. నాకేం ఎరుక?

కాంట్రాక్టరు శేఖర్ వచ్చిండు. కొడుకు వయసోడు, కాకా అనే పిలుస్తడు. "పరేషాన్ గాకు కాకా, పుట్టీ పెడదం. సోమవారం ఇంజనీరొస్తడు, ఆయనకు కనవడదు."

"పుట్టీ నీ మొఖానికి పెట్టుకో," అన్న.

"కూలగొడితే రేపటి సంది రాకు మల్ల."

"సమ్మెట ఏడున్నది?" అన్న.

ఈ వయసుల ఇంకో సైటుల ఎవలు పెట్టుకుంటరు? మీ అవ్వ గూడ అదే అని నెత్తి కొట్టుకున్నది. నాకు తెల్వదా? తెలిసే కొట్టిన. కొట్టకముందు సబితను అందరి ముందట పిలిచిన. "తప్పు నాది. నువ్వు చెప్పినవ్, నేను ఇనలే." గా మాట నోట్ల నుంచి ఎల్లుడు సమ్మెట లేపుడు కంటె బరువైంది బిడ్డా. గని ఎల్లింది.

మర్నాడు పోతే, గేటుకాడ మొఖం చూసి హాజరేసే మెషీన్ నన్ను గుర్తువట్టలే. శేఖర్ తీసేయించిండు. వాచ్‌మన్ "ఇంటికి పో కాకా" అన్నడు. "మెషీన్‌ల మొఖం లేకపోతే లేకపాయె, చేతులున్నయ్. జరుగు," అన్న.

మూడు దినాలు హాజరు లేకుండనే కట్టిన. బ్లాకు దుమ్ము దులుపుడు, పైపైన తడుపుడు, మాల్ బదులు ఈ బ్లాకులకు పెట్టే గమ్ము సన్నగ రాసుడు. సబిత చెప్తాంది, నేను పెడుతున్న. కింద శేఖర్ ఒర్రుతాండు. ఒర్రనియ్.

సోమవారం ఇంజనీరు దారానికి గుండు వేలాడదీసి చూసి, "గోడ మంచిగొచ్చింది, ఎవలు కట్టిండ్రు?" అన్నడు. "సబిత కట్టించింది," అన్న. మంగళవారం శేఖర్ ఫోన్ జేసిండు. "రా కాకా, నీ మొఖం మళ్ల ఎక్కిస్త." "ముందుగాల ఆమెను హాజరుల మేస్త్రీ అని రాయి, అప్పుడొస్త," అన్న. "ఆడోళ్లను మేస్త్రీ అని ఎవలన్న రాస్తరా?" అన్నడు. "అయితే నేను రాను." ఐదు దినాలు ఇంట్లనే కూసున్న. ఆరో దినం రాసిండు.

ఇప్పుడు సుచిత్ర చౌరస్తకాడ సైటు, సబిత చేతికిందనే చేస్తున్న. నవ్వేటోళ్లు నవ్వుతుండ్రు. మొన్న గమ్ము దొడ్డుగ రాసిన్నని మస్తు తిట్టింది. తిట్టాలె మరి.

నువ్వు సల్లగుండు బిడ్డా. రేపు ఇంజనీరు టోపీ పెట్టుకొని సైటు మీద నిలవడితే, తట్ట మోసేటోళ్ల మాట ఇనే చెవులు దేవుడు నీకియ్యాలె. నాకైతే మస్తు ఆలస్యంగ ఇచ్చిండు... ఇగ బంద్ జెయ్. పొద్దుగాల ఏడింటికే నేను ఆడ ఉండాలె, లేకపోతే ఆమె ఊకోదు...