ఒక్క మాటతో దేశాలు దాటిన ఎర్మెతే

నోయెమి బార్‌లో పొయ్యి పక్క కుర్చీ ముసలి ఎర్మెతేదే. బయట మంచు కురుస్తోంది. జనం వైన్ గ్లాసులు పట్టుకుని అతని చుట్టూ చేరారు. అతని భార్య జెలిందా ఓ మూల కూర్చుని వేయించిన చెస్ట్‌నట్ గింజలు ఒలుస్తోంది. ఈ కథ ఆవిడ ఎన్నిసార్లు విందో! అయినా ఇప్పటికీ నవ్వొస్తుంది.

"కత్తులు సానబట్టే రాయి వీపున కట్టుకుని ఇరవయ్యో ఏట బయల్దేరాను," అన్నాడు ఎర్మెతే. "పరాయి భాష ఒక్క ముక్క రాదు. ఉన్నదల్లా మన చర్చి ఫాదర్ నేర్పిన ఒక్క లాటిన్ మాట, యువెంతూస్. అంటే మన ఇటాలియన్ జొవెంతూయే, పడుచుదనం. ఫ్రాన్స్ సరిహద్దులో పోలీసు ఆపి, 'నీ దగ్గరేముంది?' అన్నాడు. 'యువెంతూస్' అన్నాను. 'ఓహో, జనెస్!' అంటూ గేటెత్తేశాడు!"

"జనెస్ ఏమిట్రా?" అన్నాడు పక్కింటి గౌదెన్సియో.

"అదే మాటకి దూరపు చుట్టంరా. స్పెయిన్‌లో హువెంతుద్ ఉంది చూడు, అది సొంత కూతురు. అక్కడి సంతలో ఆ మాట అన్నానో లేదో, ముసలాళ్లంతా చేతికర్రలు పారేసి గంతులే గంతులు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పోర్చుగల్లో జువెంతూద్ అన్నాను. పళ్లూడిన అవ్వకి ముప్పై రెండూ మొలిచాయి! పెళ్లి చేసుకోమని వెంటపడితే సముద్రందాకా పరిగెత్తాను. దానికీ ఆ మాట చెప్పాను. ఎంత ముసలి సముద్రం, పాపం! పిల్లకాలవైపోయి నా కాళ్ల చుట్టూ ఆడుకుంది!"

"మరి చేపలేమయ్యాయి తాతా?" అంది నోయెమి.

"గుడ్లైపోయాయమ్మా!"

అందరూ గొల్లుమన్నారు. జెలిందా చేతిలో పళ్లెం పక్కన పెట్టింది.

"ఏమయ్యా, అసలు నువ్వు సరిహద్దు కనుమ దాటిందెప్పుడు? గేటు ఇవతలే జ్వరంతో మంచులో పడి ఉంటే మా నాన్న మోసుకొచ్చి సత్రంలో పడుకోబెట్టాడు. చలికాలమంతా నీకు సంకటి తినిపించింది నేను. ఆ మాటలన్నీ మా సత్రంలో దిగిన కూలీలు నేర్పినవేగా?"

ఎర్మెతే మెల్లగా టోపీ తీశాడు.

"అవును, దాటలేదు. మీ నాన్న ఆ పూట అటు రాకపోయి ఉంటే నా పడుచుదనం అక్కడితోనే సరి. ఈ ముసలితనం కూడా మీరిచ్చిందే, జెలిందా. దాటనందుకు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను."

ఆవిడ లేచి, కుర్చీ ఈడ్చుకొచ్చి అతని పక్కన వేసుకుంది.

"సరేలే," అంది. "ఆ మాట చుట్టాల్లో రుమేనియా మిగిలిపోయింది. అక్కడేం చేశావో చెప్పు."