పిడుగు దాటలేని డబ్బా

ఈ కథ నాకు మొదట చెప్పింది ఇస్త్రీ బండి తమ్ముడు. నా చొక్కా మీద పెట్టె నడుపుతూ, ఆ రోజు నేనూ అక్కడే బల్ల మీద ఉన్న సంగతి మరిచిపోయి, నా కథ నాకే చెప్పాడు. "మీ వియ్యంకుడు భలే మనిషన్నా, మిమ్మల్ని పరీక్షించడానికే డబ్బాలో తీగ వదిలాడట!" అన్నాడు. చొక్కా సగం మడతలోనే లాక్కుని వచ్చేశాను. నాకు చదువు తక్కువ, కూడబలుక్కుని రాస్తాను. కానీ మోటార్లకు వైండింగు చేసి బతికినవాణ్ణి. ఒక్క చుట్టు తప్పినా ఒప్పుకోను, మాటైనా అంతే.

మా వియ్యంకుడు, అంటే నా కూతురి మామగారు, బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. స్టీరింగు వదిలాక చేతులు ఊరుకోక తీగలు అతికించే సోల్డరు పట్టాడు. పాత రేడియోలు విప్పి డబ్బాలు కడుతుంటాడు. కట్టుకోనీ, తప్పేముంది. కానీ ఒకసారి నలుగురిలో నా పనిని "దారపు ఉండ చుట్టడమే కదా బావగారూ" అన్నాడు. కరెంటు కొలిచే నా మీటరు పట్టుకెళ్ళి, తీగకి ఆనించే దాని ముల్లు వంచి తెచ్చాడు. రెండూ నాకు గుర్తున్నాయి.

నా కూతురు కుట్టుపని దుకాణం నడుపుతుంది. కంప్యూటరు చెప్పినట్టు బట్ట మీద పువ్వులు కుట్టే మిషను కొంది. దాని మీదే ఆ ఇల్లు నడుస్తోంది. ఆ వీధిలో కరెంటుకి నిలకడ లేదు, ఒకపూట పొంగుతుంది, ఒకపూట కుంగుతుంది. ఎంత వస్తోందో కంప్యూటరులోనే కనబడేలా డబ్బా చేసిపెడతానని ఈయన కోడలికి మాటిచ్చాడు. ఆ రోజు దాన్ని బిగించాలి. డబ్బాకి ఒక చివర గోడలో పెట్టే ప్లగ్గు, ఇంకో చివర కంప్యూటరులో పెట్టే ప్లగ్గు. లోపల నా కూతురు మిషను మీద చెయ్యి వేసుకుని ఎదురుచూస్తోంది. బయట టీ కొట్టు బల్ల మీద ఆయన, నేను, ఇస్త్రీ తమ్ముడు. ఆయన భార్య, నాకు చెల్లెమ్మ, దుకాణం మెట్టు మీద కూర్చుని గుండీలు కుడుతోంది.

ఆయన డబ్బాని ఒళ్ళో పెట్టుకుని, ఒక మూల మీద అరచెయ్యి కప్పి ఉంచాడు. టీ కూడా ఎడమ చేత్తోనే తాగాడు. నాకు అక్కడే అనుమానం తగిలింది.

"ఏముందండీ ఇందులో, చిన్న కిటుకు" అని మొదలుపెట్టాడు. "కరెంటు వైపు ఒక బుల్లి దీపం. కంప్యూటరు వైపు ఒక బుల్లి కన్ను. మధ్యలో సందు. తీగ లేదు! కరెంటు పెరిగితే దీపం ఎక్కువ వెలుగుతుంది, కన్ను చూస్తుంది, అంకె వేస్తుంది. వెలుగు దాటుతుంది, కరెంటు దాటదు. వియ్యపురాలు ఎదురింటి అరుగు మీంచి తిట్టినట్టన్నమాట, మాట వస్తుంది గానీ చెయ్యి రాదు. ముందు మా ఇన్వర్టరు బ్యాటరీ మీద పెట్టి చూశా. పన్నెండున్నర వోల్టులు అంది. మీటరూ పన్నెండున్నరే అంది."

"ఎవరి మీటరు?" అన్నాను.

"మీదే బావగారూ. కాకపోతే అది కాస్త ఆలోచించి చెప్పింది."

పక్కనున్న సంచిలో మీటరు తడిమి చూసుకున్నాను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సందు చివర ట్రాన్స్‌ఫార్మరు ఉంది చూశారూ, ఎప్పుడూ గుంయ్‌మని మూలుగుతుంటుంది, దాని ఒంట్లో ఎంతుందో చూద్దామని డబ్బా ఒక చివర దానికి తగిలించి, రెండో చివర పట్టుకుని ఇంటికొచ్చి పడక్కుర్చీలో కూర్చున్నా, పదకొండు వేలు అంది, నా ఒంటి మీద వెంట్రుక కూడా లేవలేదు, ఇక మర్నాటి నుంచి కరెంటాఫీసు వాళ్ళే వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పి 'అయ్యా, ఇవాళ ఎంతుందో కాస్త చూసి చెబుతారా' అనడం, నేను 'కూర్చోండి, టీ తాగండి, కరెంటు ఎక్కడికి పోతుంది' అనడం!"

"వాళ్ళకి మీటర్లు లేవా డ్రైవరన్నా?" అన్నాడు ఇస్త్రీ తమ్ముడు.

"ఉన్నాయి. వాటి మీద నమ్మకం లేదు."

లోపలి నుంచి నా కూతురు, "మామయ్యా, తీసుకెళ్ళి పెట్టేయనా?" అంది.

"ఆగమ్మా, పిడుగు దగ్గరికొచ్చాం" అన్నాడు. "మొన్న గాలివాన పట్టిందే, అప్పుడు డబ్బాని మేడ మీద బట్టలారేసే తీగకి కట్టా. కట్టి ఇలా దిగానో లేదో, పడింది! తీగ మీద పడింది, డబ్బాలో దూరింది, సరిగ్గా ఆ సందు దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది. దారేదీ? అవతల నేను. ఇవతల అది. కాసేపు మొహమొహాలు చూసుకున్నాం. చివరికి తల వంచుకుని వచ్చిన దారినే ఆకాశంలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాని అంకె నా డబ్బాలో పట్టలేదు, మిగిలిన సున్నాలన్నీ పక్కింటి గోడ గడియారంలో కనిపించాయి! మా ఆవిడ చేతిలో గ్లాసు తొణికితే ఒట్టు."

చెల్లెమ్మ తల ఎత్తలేదు. గుండీ కుడుతోంది.

పిడుగు పైకి పోవడం చూపించడానికి ఆయన రెండు చేతులూ ఎత్తాడు. మూల బయటపడింది. మూతకి అక్కడ స్క్రూ లేదు. పక్కనే కూర్చున్న నాకు కొత్త సోల్డరు వాసన ముక్కుకి తగిలింది. పూర్తయిన డబ్బాని మళ్ళీ ఎందుకు విప్పినట్టు?

ఈలోగా నా కూతురు వచ్చి ఆయన ఒళ్ళోంచి డబ్బా తీసుకుంది. గోడ ప్లగ్గు పట్టుకుని లోపలికి తిరిగింది.

"అమ్మాయీ, ఆగు" అన్నాను.

వియ్యంకుడి పనికి అడ్డం పడకూడదని అప్పటిదాకా నోరు కట్టుకున్నాను. ఇక కాదు. సంచిలోంచి మీటరు తీశాను. దాని రెండు ముళ్ళూ ఒకే తీగకి తగిలితే కుయ్‌మంటుంది. తీగ తెగి ఉంటే నోరు మెదపదు. వైండింగు పనిలో మాకు దేవుడు అదే.

"పెట్టండి బావగారూ, పెట్టండి! పిడుగే దాటలేదు, మీ కుయ్ దాటుతుందా?" అన్నాడు.

ఒక ముల్లు కంప్యూటరు ప్లగ్గు రేకుకి ఆనించాను. రెండోది గోడ ప్లగ్గు కాలికి. చప్పుడు లేదు.

"చూశారా!" అని ఆయన బల్ల చరిచాడు. ఇస్త్రీ తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నా కూతురు నా వంక చూసిన చూపు నేను మరిచిపోను.

"ప్లగ్గుకి ఇంకో కాలుంది బావగారూ" అన్నాను.

రెండో కాలికి ఆనించాను.

కుయ్య్య్.

బల్ల కింద పడుకున్న కుక్క లేచి కూర్చుంది.

"మీ మీటరు ముల్లు వంకర" అన్నాడు.

"వంచిందెవరు?"

"అది కాదు బావగారూ... వెలుగు మరీ ఎక్కువైతే సందులోంచి ఒక్కోసారి చప్పుడు..."

చెల్లెమ్మ దారం పళ్ళతో తెంపింది. "ఏమండీ, అంకె ఊగుతోందని నిన్న రెండు వైపుల నల్ల తీగలూ కలిపి అతికించారుగా. అతికించగానే కుదురుగా నిలబడిందని నన్ను పిలిచి మరీ చూపించారుగా" అంది.

ఇస్త్రీ తమ్ముడు డబ్బా మీదికి వంగి చూశాడు. "అయితే డ్రైవరన్నా, ఆ పిడుగుకి ఈ నల్ల తీగ కనబడలేదా?" అన్నాడు.

నా కూతురు డబ్బాని బల్ల మీద మెల్లిగా పెట్టి, ఇందాక మిషను మీద వేసుకుని కూర్చున్న అరచేతిని చీరకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. ఆ కాలు గోడలో కరెంటు వచ్చే రంధ్రంలో పడి ఉంటే, కరెంటు నేరుగా కంప్యూటరు ఒంట్లోకి, అక్కణ్ణించి మిషను ఇనుములోకి, అక్కణ్ణించి ఆ చేతిలోకి.

జరిగింది ఇదీ. ఇప్పుడేమో తీగ కావాలనే వదిలాడట, నా తెలివి చూద్దామని. ఆ మాట నమ్మినవాడు ఎవరు? ఆ రోజు పిడుగు సంగతి నిలదీసిన ఇస్త్రీ తమ్ముడే! నమ్మి ఊరుకోలేదు. తన ఇస్త్రీ పెట్టెకి ఎంత కరెంటు వస్తోందో ఫోనులో చూసుకుంటానని ఆయన చేత ఇంకో డబ్బా చేయిస్తున్నాడు. ఆ ఫోను పగలంతా వాడి చెవి దగ్గరే ఉంటుంది.

నేను చెబితే పగ అంటారు. పగ ఉంది, కాదనను. అందుకే అడుగుతున్నాను. చెల్లెమ్మా, నల్ల తీగలు అతికించిన ఆ మాట నువ్వే ఇంకొక్కసారి చెప్పు. ఇస్త్రీ బండి దగ్గరికి వచ్చి, డబ్బా అక్కడ ఉండగా, ఆయన పక్కన నిలబడి ఉండగా చెప్పు. నా మీటరు నేను తెస్తాను. ముల్లు తిన్నగా చేయించాను.