మాష్ గారికి శాలువా నేనా కప్పేది?

నేనా? నేను స్టేజీ ఎక్కి ఆయనకి శాలువా కప్పాలా? బాగుందండీ సంజనమ్మగారూ, చాలా బాగుంది. ఇంకా నయం, హారతి కూడా ఇమ్మన్నారు కాదు!

నవ్వకండి. ఆ ఉల్లిపాయలు ఇలా తెండి, నేను కోసుకుంటాను. మీరు కోస్తే ఒక్కోటీ ఒక్కో సైజులో వస్తాయి.

నా పేరు ఎవరు చెప్పేరు మీకు? మాష్ గారేనా? నా నాటకాలన్నీ ముందు విన్నది పేరమ్మే, ఆవిడ చేతే కప్పించండి అన్నారా? అన్నారూ! అలాంటి మాటలు చెప్పడంలో ఆయన తర్వాతే ఎవరైనా. మీ ఆఫీసు మలయాళీ మేనేజరు ఆయన్ని కొచ్చి నుంచి రప్పించి సన్మాన సభ పెడతానంటే మీరు తలూపేసి వచ్చేసేరు. నేను మీకు పొద్దున్నే వంట చేసి పోయే మనిషిని, నా గొడవ మీకేం తెలుసు?

సభకి పుస్తకం కూడా వేస్తారా? ఆయన గురించి చెప్పాలా? సరే, రాసుకోండి మరి.

చాత్తుణ్ణి మాష్. మాష్ అంటే వాళ్ళల్లో మేష్టారండి. వాళ్ళ ఊళ్ళో బడిపంతులు చేస్తూ క్లబ్బు కుర్రాళ్ళకి నాటకాలు రాసిచ్చేవారంట. నాటకాలు తిండి పెడతాయా? దుబాయ్ వచ్చి, సజ్జాలో పాలరాళ్ళ గోడౌన్లో గుమాస్తాగా చేరేరు. ఉండేది ఈ షార్జాలోనే, మలయాళీ మగాళ్ళంతా కలిసి అద్దెకి తీసుకున్న ఫ్లాటులో. ఆ మెస్సులో వంట నాది. రెండువేల రెండులో చేరేను.

అంతకుముందు ఎక్కడున్నాననుకున్నారు? రాస్ అల్ ఖైమాలో, అరబ్బీ ఇంట్లో. లేచిన దగ్గర్నుంచీ పడుకునే దాకా నించునే పని. ఆ ఇంటి నిండా సోఫాలేనండి, నేను తుడవడానికి. ఒకరోజు పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గరే వదిలేసి, చెత్త పారేసొస్తానని బయటికొచ్చి మరి వెనక్కెళ్ళలేదు. అలా కాగితాల్లేకుండా తిరిగేవాళ్ళని ఇక్కడ ఖల్లివల్లి అంటారు. ఉన్నామంటే ఉన్నాం, లేమంటే లేము.

మాష్ గారి పద్ధతి చెప్తాను, ఇది రాసుకోండి. కాగితం మీద పెట్టడం ఆఖర్నండి ఆయన. ముందు వంటింట్లోకి వచ్చేవారు. ఉన్న ఒక్క కుర్చీ నాకేసి, తను బియ్యం బస్తా మీద కూర్చుని, "పేరమ్మా, సునో" అని మొదలెట్టేవారు. సగం మలయాళం, సగం హిందీ. తాగుబోతూ ఆయనే, అత్తగారూ ఆయనే, పోలీసూ ఆయనే! నేను చేప కోసుకుంటూ వినాలి. నా కత్తి ఆగిందా, ఆ సీను ఉన్నట్టు. ఆగలేదా, ఖలాస్, కొట్టేసినట్టు.

నా బతుకులో నన్ను కూర్చోబెట్టి మాట చెప్పింది ఆయనొక్కరేనండి. మా ఆయనా? మా ఆయనకి కంచం ఖాళీ అయినప్పుడే నేను కనపడతాను.

అందుకే చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పని మాట ఆయనకి చెప్పుకున్నాను.

మెస్సులో చేరిన మరుసటేడు ఇక్కడి సర్కారు క్షమాభిక్ష పెట్టింది. కాగితాల్లేనివాళ్ళకి జైలు లేదు, జరిమానా లేదు, ఔట్‌పాస్ తీసుకుని మీ దేశం పొండి అని. నేనూ వెళ్ళేను. మా పిల్ల శాంతిప్రియకి ఆకుపచ్చ గౌను కొన్నాను, చేపపిల్లల బొత్తాలున్నది. గౌను చంకలో పెట్టుకుని ఎండలో వరసలో నించున్నాను. నా ముందు హలీమాబీ అని కడప మనిషి. తన కాగితం తనకి ఇచ్చేసేరు. ఇంక నాదే వంతు. అప్పుడండీ, గౌను హలీమాబీ చేతిలో పెట్టి, మా పిల్లకి పంపించెయ్యమ్మా అని చెప్పేసి, వెనక్కి తిరిగి బస్సెక్కేసేను.

ఎందుకంటారేం? మీరూ అడుగుతారా?

ఎవరూ పిలవలేదు. ఎవరూ ఆపలేదు. వెళ్ళాలనిపించలేదు, అంతే! ఇంటికెళ్తే మళ్ళీ నించోవాలి. ఇక్కడ వంటింట్లో నాకో కుర్చీ ఉంది. మాష్ గారు సగం చెప్పిన నాటకంలో ఆ కోడలు ఏమైందో నాకింకా తెలీదు. కన్నతల్లి అంతమాత్రానికి ఆగిపోతుందా? ఆగిపోయేనండి. ఇంటికి ఫోన్ చేసి, కాగితం ఇవ్వలేదే అని అబద్ధం చెప్పేను. పిల్ల ఏడిచింది. గౌను మట్టుకు చేరింది, పొట్టయిపోయే దాకా అదే వేసుకుందంట.

మాష్ గారికి ఇదంతా చెప్పేను. లేచి తనే టీ కాచి నా చేతికిచ్చేరు. ఆ రోజు నాకు గుండె తేలికపడింది.

తర్వాతేడు కొత్త నాటకం రాసేరు. ఆ ఒక్కదాన్ని మట్టుకు వంటింట్లో చెప్పలేదండి. "ఆడినప్పుడు చూద్దువుగాని పేరమ్మా" అన్నారు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పిచ్చిమొహాన్ని, నాటకంవాళ్ళందరికీ బిర్యానీ వండి, డేగిసాతో సహా హాల్లో దిగేను.

తెర లేచింది. వరసలో ఒకావిడ. చంకలో ఆకుపచ్చ గౌను. చేపపిల్లల బొత్తాలు కూడా!

పోనీ, నా మాట వాడుకున్నారు, వాడుకోనీ అనుకుందును. కానండీ, ఆవిడ వెనక్కి తిరిగింది చూడండి, అవతల ఒక డ్రైవరు! మీసాలాయన. ట్యాక్సీ ఆపుకుని నించున్నాడు. ఈవిడ గౌను పక్కదానికిచ్చేసి, వెళ్ళి వాడి పక్కన కూర్చుంది. హాలంతా ముక్కులు తుడుచుకోవడమే. ఆ తర్వాత చప్పట్లు.

వంటింట్లో నిలదీసేను. "మాష్, ఆ డ్రైవరెవరు?" అన్నాను. ఆవేళ బస్తా మీద కూర్చోలేదు, గుమ్మంలోనే ఆగిపోయేరు. "పేరమ్మా, కారణం లేకుండా తల్లి వెనక్కి తిరిగితే జనం నమ్మరు" అన్నారు.

కారణం లేదా? నేను చెప్పింది కారణం కాదా? ఆ కుర్చీ నాకేసిన మనిషికే అర్థం కాకపోతే, ఇంకెవరికి చెప్పుకోమంటారు?

అక్కణ్ణుంచీ ఆయన దశ తిరిగింది. ఫస్టు ప్రైజొచ్చింది. ఎవరో నిర్మాత చూసి కొచ్చి తీసుకుపోయేడు. నాటకం సినిమా అయింది, డ్రైవరుకి రెండు పాటలు కూడా పెట్టేరు! మాష్ గారు గోడౌను మానేసి సినిమాలు రాసుకుంటూ అక్కడే స్థిరపడ్డారు. వెళ్ళేముందు నాకో చీర పెట్టేరు. అది ఇంకా మడత విప్పలేదు.

మలయాళం సినిమా మా కోనసీమలో ఎవరు చూస్తార్లే అనుకున్నాను. నిరుడు తెలుగులోకి డబ్బింగు చేసి టీవీలో వేసేసేరండి!

నిరుడే మళ్ళీ క్షమాభిక్ష కూడా పెట్టేరు. ఈసారి వెళ్ళిపోదామని గట్టిగా అనుకున్నాను. మాష్ గారు ఇక్కడ లేరు, ఆ మెస్సు లేదు, పిల్ల కాలేజీకొచ్చింది. పెట్టె సర్దేసేను. వస్తున్నానే తల్లీ అని చెప్దామని ఫోన్ చేస్తే నన్ను చెప్పనిస్తేనా? తనే అడిగింది. "అమ్మా, టీవీలో నా గౌను చూశాను. ఆ డ్రైవరెవరమ్మా?"

నేను మాష్ గారిని అడిగిన మాటేనండి, అచ్చంగా.

ఏం చెప్పను? మీరైతే ఏం చెప్పేవారు? డ్రైవరూ లేడు, ఎవరూ లేరు, నీ దగ్గరికి రావాలనిపించక రాలేదే అని చెప్పనా? కడుపున పుట్టినదానికి ఆ మాట ఎలా చెప్పను? మగాడి కోసం ఉండిపోయిందంటే, మా అమ్మ చెడ్డది అనుకుని నన్ను తిట్టుకుంటుంది. ఊరికే ఉండిపోయిందంటే, నేనే అక్కర్లేకపోయేనా అని బతుకంతా తనని తాను తిట్టుకుంటుంది.

"ఉండేవాడే ఒకడు" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

"అయితే రాకు" అంది. పెట్టేసింది.

నమ్మిందండి! అడ్డు ప్రశ్న కూడా వెయ్యలేదు. మాష్ గారు చెప్పినట్టే అయింది.

పెట్టె విప్పేసేను. ఇదీ సంగతి. అయ్యో, మీరెందుకు ఏడవడం? ఉల్లిపాయలు కోసేది నేనైతేను! ఇదంతా పుస్తకంలో పెట్టకండి. ఆయన గొప్పవారు, పదిమందినీ ఏడిపించేరు అని రాసుకోండి, చాలు.

కప్పుతాను లెండి. పోలీసులు కాగితాలడుగుతారన్న భయం కూడా లేదు. పట్టుకుంటే ఏం చేస్తారు, ఇంటికేగా పంపేది? ఇల్లే వద్దంది.

ఒక్కటి మట్టుకు మీ మేనేజరుగారికి చెప్పండి. స్టేజీ మీద నాకు కుర్చీ వెయ్యొద్దు. నేను నించునే ఉంటాను.